మా మామ, ఆ మచ్చల కోడె

మా మామ పోయి ఇరవై రోజులైంది. సంగారెడ్డి దవాఖానలో కాగితం మీద "వడదెబ్బ" అని ఒక్క ముక్క రాసిచ్చారు.

ఆ రోజు మధ్యాహ్నం మా ఊరి పాలకేంద్రం నడిపే అతను మోటారు సైకిలు వాకిట్లో ఆపి, దిగకుండానే, "వదినా, మీ మామ కల్వర్టు కాడ పడిపోయిండు, జల్దీ రా" అన్నాడు. మా ఆయన పటాన్‌చెరులో డ్యూటీలో ఉన్నాడు. అత్త పోయి మూడేళ్ళవుతోంది. ఇంట్లో నేనొక్కదాన్నే. చెప్పులు కూడా వేసుకోకుండా అతని వెనక ఎక్కాను. మామ కల్వర్టు గోడకు ఆనుకుని ఉన్నాడు, తువ్వాల మెడలోనే ఉంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఒళ్ళు కాలుతూ చెమట ఆగిపోతే ఇక ఆశ తక్కువని పశువుల విషయంలో నాకు నేర్పింది ఆయనే. ఆటోలో సంగారెడ్డి చేరకముందే ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చున్నవాళ్ళలో ఒకాయన, "పశువుకు ఎండ ఎంత తగిలిందో చెయ్యి పెట్టి చెప్పేటోడు, తన పానం సంగతి తనకు ఎర్క లేకపాయె" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎరుక లేకపోవడమేమిటి? మా మామకు ఎండ గురించి తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. తెలిసే ఆ ఎండలో నడిచాడు. ఎందుకు నడిచాడో రాయాలని కూర్చున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది, అది దాచి రాస్తే ఈ నాలుగు మాటలూ రాయడం దండగ.

మా మామ పశువుల దవాఖానలో కాంపౌండరు. హత్నూర చుట్టుపక్కల ఊళ్ళలో, అంతకుముందు కొండాపూర్ వైపు, ముప్పై ఏళ్ళు పనిచేశాడు. పేరు ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, సూదుల సారు అనేవాళ్ళు. ఎదకొచ్చిన ఆవుకు విదేశీ ఆబోతు వీర్యం ఎక్కించడం, అంటే జెర్సీ సూదో, నల్లమచ్చల హెచ్చెఫ్ సూదో వేయడం ఆయన పని. ఆ వీర్యం చల్లగా ఉంచే నైట్రోజన్ డబ్బా సైకిలు వెనక కట్టుకుని వచ్చేవాడు. మూత తీస్తే తెల్లటి పొగ నేలకు దిగేది, ఊళ్ళో పిల్లలందరూ ఆ పొగ చూడడానికి ఎగబడేవాళ్ళు.

నేను మాత్రం ఎగబడలేదు. నేనాయన్ను మొదటిసారి చూసింది కొండాపూర్ మండలంలో మా పుట్టింటి వాకిట్లో. ఏడో తరగతి చదువుతున్నాను. మా బాపు ఒక ఆబోతును సాకేవాడు. తెల్లటిది, మెడ మీద బూడిద రంగు, కింద గంగడోలు నడుస్తుంటే అటూ ఇటూ ఊగేది. ఊళ్ళో ఆవులన్నీ దానికే కట్టేవి. వైశాఖంలో కూడా పగలంతా చెలకల్లో తిరిగి, చీకటి పడే వేళకు తనంతట తనే వచ్చి గేటు ముందు నిలబడేది. ఆ ఏడు ఊరికి క్యాంపు వచ్చింది. నాటు కోడెలన్నిటికీ విత్తులు నొక్కాలి, ఇక నుంచి ఊళ్ళో సూదులే వేయాలి అని పైనుంచి వచ్చిన హుకుం. గుడ్డసంచిలో పెద్ద ఇనప పట్కారు వేసుకుని మామ మా వాకిట్లోకి వచ్చాడు.

"పటేలా, ఊర్లె నాటు కోడె ఒక్కటి మిగిలినా సూది పని నడ్వదు. ఆవులన్నీ గీనికే కడ్తయ్" అన్నాడు.

"సారూ, గిది ఊరిది. నా ఒక్కనిది గాదు" అన్నాడు బాపు.

"పాలు గూడ ఊరికే గద పటేలా. నాలుగేండ్లు పోనీ, ఆవుకు బిందెడు ఇయ్యకపోతే నన్నడుగు."

బాపు తలగోక్కున్నాడు. తర్వాత తనే తాడు పట్టుకున్నాడు. నలుగురు కలిసి ఆబోతును పడేశారు. నేను తలుపు చాటున నిలబడి చెవులు మూసుకున్నాను. నెత్తురు రాదు, నరం నలిగిపోతుంది, అంతే. మూడు రోజులు అది గడ్డి ముట్టలేదు. నాలుగో రోజు లేచింది, ఆ తర్వాత నాగలికి పోయింది. మళ్ళీ గేటు ముందు వచ్చి నిలబడడం మాత్రం నేను చూడలేదు.

ఎనిమిదేళ్ళ తర్వాత నన్ను చూడడానికి వచ్చిన పెళ్ళివాళ్ళలో ఆ మనిషి కూర్చుని ఉన్నాడు. చాయ్ ఇస్తూ ఆనవాలు పట్టాను. లోపలికి పోయి, "వాళ్ళింటికి నేను పోను" అన్నాను. బాపు నవ్వాడు. "ఆయనేం జేస్తడు బిడ్డా, నౌకరి మనిషి. పిలగాడు మంచోడు, పటాన్‌చెరుల కంపెనీల పర్మనెంటు" అన్నాడు. నా డిగ్రీ రెండో ఏట ఆగిపోయింది, నేను ఆ ఇంటికే కోడలిగా వచ్చాను.

మొదటి ఏడాది మామతో నేను సరిగా మాట్లాడలేదు. అన్నం పెట్టడం, నీళ్ళు ఇవ్వడం, అంతవరకే. ఆయన ఎందుకని అడగలేదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక, "మా బాపు ఆబోతును నొక్కింది మీరే" అని మొహాన అనేశాను.  మామ తింటున్న చెయ్యి ఆపి, "ఔ బిడ్డా, తెల్లది. గంగడోలు మోకాళ్ళ దాక ఉంటుండె" అన్నాడు. వందల కోడెలు నొక్కిన మనిషికి ఆ ఒక్కటి గుర్తుందంటే నాకు కోపం తగ్గాలి. తగ్గలేదు, ఇంకా పెరిగింది. అంత బాగా చూసినవాడు ఎట్లా నొక్కాడా అని.

అయినా పని నేర్పింది ఆయనే. నేను ఆవుల దగ్గరికి పోతే వెనకే వచ్చి నిలబడేవాడు. చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టి, ఆవు డొక్క ఎన్నిసార్లు ఎగిరిందో ఒక నిమిషం లెక్కపెట్టమనేవాడు. చెవి మొదట్లో వేళ్ళు పెట్టి వేడి చూడమనేవాడు. "ఆవుకు నోరు లేదంటరు గాని, డొక్కలు జూడు బిడ్డా, గవే మాట్లాడ్తయ్" అనేవాడు. తప్పు లెక్కపెడితే తిట్టేవాడు కాదు, గడియారం మళ్ళీ ఇచ్చేవాడు. ఇప్పుడు మా కొట్టంలో ఆరు ఆవులు బతికి ఉన్నాయంటే ఆ గడియారం పుణ్యమే. ఆ మాట ఆయన ఉండగా ఒక్కసారైనా అనలేదు నేను.

ఆ రోజుల్లో మా ఇంట్లో కొట్టం గోడకు ఒక క్యాలెండరు ఉండేది. సంవత్సరం మారినా బొమ్మ మార్చేవాడు కాదు మామ. పచ్చగడ్డిలో నలుపు తెలుపు మచ్చల విదేశీ ఆవు, కింద కుండంత పొదుగు. ఊరి రైతులు వచ్చి ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "సారూ, మాకు గీ మచ్చలదే కావాలె" అనేవాళ్ళు. ఆయన వేసేవాడు. పుట్టిన పెయ్యకు మచ్చలుంటే ఇల్లంతా పండగ. అంగడిలో "సూదికి పుట్టింది" అంటే చాలు, నలుగురు వచ్చి చుట్టూ చేరేవాళ్ళు. దాంతో సూదికి పుట్టనిదాన్ని కూడా సూదిదే అని చెప్పుకోవడం అలవాటైపోయింది అందరికీ. ఆ అబద్ధం ఒకనాడు మా ఇంటి మీదికే వస్తుందని ఎవరికి తెలుసు.

కొన్నేళ్ళు బాగానే గడిచింది. పాలకేంద్రం ముందు క్యాన్లు వరస కట్టేవి. తర్వాత వరసగా కష్టాలు వచ్చాయి. కంపెనీలు పెరిగినకొద్దీ వాగు రంగు మారింది. ముందు నురగ, తర్వాత వాసన, తర్వాత వాగు పక్క బావుల్లో నీళ్ళు చాయ్ రంగుకు తిరిగాయి. మనుషులకు ట్యాంకర్ వచ్చేది, పశువులకు రాలేదు. విదేశీ నెత్తురు ఎక్కువైన ఆవుకు ఎండాకాలం నీళ్ళే మందు. ఆ నీళ్ళే చెడ్డాయి.

ఒక వేసవి మాత్రం నేను మర్చిపోలేను. మా కొట్టంలో అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చే మచ్చల ఆవు పొద్దున పది గంటలకే నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. నాలుక బయటికి వేలాడింది. నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ. అత్త విసనకర్రతో విసురుతోంది, నేనూ మామా మంచినీళ్ళ బిందెలు తెచ్చి దాని నెత్తిన పోస్తున్నాం. డొక్క ఎగరడం లెక్కపెట్టబోతే అంకెలు అందలేదు. మధ్యాహ్నం దాటాక ముందు కాళ్ళు ముడిచింది. పడిపోతూ కూడా మా వైపే చూసింది. ఆ రెండు నెలల్లో మా ఊళ్ళో, చుట్టుపక్కల ఊళ్ళలో చాలా పోయాయి. అన్నీ ఎక్కువ పాలిచ్చేవే.

ఆవును పూడ్చి వచ్చాక మామ క్యాలెండరు తీసి మడతపెట్టాడు. ఆ రోజు తను చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"దీని అమ్మమ్మ నాటుది. దానికి ఒక్క సూది ఏసిన. పుట్టింది సగం నాటు, సగం బయటిది. ఆడ ఆగాలె. పాలూ ఇస్తది, ఎండా తట్టుకుంటది. మన్షి ఆగుతడా? దీని తల్లికి గూడ గదే సూది, దీనికి గూడ గదే సూది. తరం తరం పాలు ఎక్కినయ్, ఎండ ఓర్చేది దిగిపాయె. పాలు కండ్లకు కనవడ్తయ్ బిడ్డా, ఓర్పు కనవడదు."

"మీకు తెల్వదా మామా అప్పుడు?" అన్నాను.

"ట్రైనింగుల చెప్పిండ్రు, సగం మీద దాటనీయొద్దని. గాని ఏ ఆవుల ఎంత ఎక్కిందో రాసి పెట్టేటోడెవడు? రైతు మచ్చలు కావాలన్నడు, నేను ఏసిన."

నాటు ఆవు ఎండను ఎట్లా ఓర్చుకుంటుందో ఆయన నాకు వంట నేర్పినంత తేలిగ్గా చెప్పేవాడు. దాని తోలు వదులు, వెంట్రుక పొట్టి, చెమట బాగా పడుతుంది. లోపల పొయ్యి కూడా చిన్నదే, తక్కువ తింటుంది, తక్కువ వేడి పుడుతుంది. చలిదేశపు ఆవుకు లోపల పొయ్యి ఎప్పుడూ భగభగ మండుతూనే ఉంటుంది, ఆ మంటతోనే అన్ని పాలు. వేడి బయటికి పోయే దారి లేకపోతే అది లోపలే ఉడికిపోతుంది. వేల ఏళ్ళు ఈ ఎండకు తట్టుకోలేనివి పోగా మిగిలిన వాటి సంతానం మన ఆవులు, అది నీళ్ళు పోస్తేనో ఫ్యాను పెడితేనో వచ్చేది కాదు అనేవాడు. "మన ఒంగోలును పడవలెక్కించి బ్రెజిలుకు కొంటవోయి పెంచుకున్నరు. మేం గీడ పట్కార్లు పట్టుకొని తిరిగినం" అని ఒకసారి నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయాను.

రిటైరయ్యాక మామకు ఒకటే ధ్యాస పట్టుకుంది. ఈ వైపు పాత నెత్తురు ఎక్కడైనా మిగిలిందా, ఒక్క కోడె దొరికితే చాలు, మళ్ళీ మొదలుపెట్టొచ్చు అని. ఊరూరా తిరిగి మూడు తెల్లావులను తోలుకొచ్చాడు. మంచి మూపురం, సన్నటి కొమ్ములు. అవి నాటువే అని ఆయన నమ్మకం. పాలు మాకే చాలవు. మా ఆయన ఇస్నాపూర్‌లో రూము తీసుకుని షిఫ్టులు చేసి వస్తూ, "మా నాయిన రిటైరైనంక పరేషాన్ పని పెట్టుకున్నడు" అని విసుక్కునేవాడు. నేను మాత్రం మొదటిసారి మామ వైపు నిలబడ్డాను. మా బాపు గేటు ముందు మళ్ళీ ఒక ఆబోతు నిలబడితే చూడాలని నాకూ ఉండేది.

ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి పశువుల జాతుల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి మా ఊరికి వచ్చింది. ఏ ఆవులో ఏ నెత్తురు ఎంత ఉందో, దాని పూర్వీకులు ఎక్కడివో నెత్తుటి బొట్టు చూసి చెప్పొచ్చంది. మామ చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. మూడు తెల్లావుల నెత్తురు తీయించాడు. అదే వారం పక్క ఊరి రైతు దగ్గర నుంచి కొన్న ఒక కోడె కూడా కొట్టంలో ఉంది. దాణా బండికి పనికొస్తుందని మా ఆయన కొన్నాడు. నలుపు తెలుపు మచ్చలది, రెండేళ్ళది, ఇంకా మూపురం సరిగా లేవలేదు. ఆ అమ్మాయి దాని నెత్తురు కూడా తీస్తానంది.

"గది దేనికి బిడ్డా? సూదికి పుట్టిందని అమ్మినాయనే చెప్పిండు" అన్నాడు మామ.

"ఉండనీయండి సర్, ఎలాగూ వచ్చాను కదా" అంది ఆ అమ్మాయి. పోతూ పోతూ, "రిపోర్టు వచ్చేదాకా దేన్నీ అమ్మకండి, ఏమీ చేయకండి" అని రెండుసార్లు చెప్పింది.

రిపోర్టు నెలలు గడిచినా రాలేదు. చలికాలం వెళ్ళాక ఒక తెల్లావు ఎదకొచ్చింది. మచ్చల కోడె తాడు తెంపుకుని దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మామ అటక మీద నుంచి పట్కారు దింపాడు.

"రిపోర్టు రానీయుండ్రి మామా" అన్నాను.

"నాకు రిపోర్టు గావాల్నా? ముప్పై ఏండ్ల సంది గీ మచ్చలే సూస్తున్న. గిది హెచ్చెఫ్ నెత్తురు. గిది కట్టిందా, మూడావులు ఖరాబైతయ్. మళ్ళ మొదటికి వస్తది కత."

"మచ్చలున్న నాటు జాతి, దేవని, బీదర్ దిక్కు ఉంటదని మీరే చెప్పిండ్రు గద?"

"దేవని మచ్చలు వేరు బిడ్డా. నేను గుర్తు పట్టనా?"

మా ఆయన తాడు పట్టుకున్నాడు. నేను ఈసారి తలుపు చాటుకు పోలేదు, ఎదురుగానే నిలబడ్డాను. మామ వేసిన పట్కారు సరిగ్గానే పడింది. కోడె ఒక్కసారి గొంతు చించుకుని అరిచింది. ఆ రోజు మామ అన్నం బాగా తిన్నాడు, ఒక పని సరిగా చేశానన్న తృప్తి ఆయన మొహంలో కనిపించింది. ఎప్పుడూ ఇంకొకరి హుకుం మీద నొక్కాడు, తనంతట తను ఆలోచించి నొక్కింది అదొక్కటే.

మే నెలలో ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. మామ కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏం రాసిండ్రో సదువు బిడ్డా" అని నాకిచ్చాడు. నేను ముందు మనసులో చదువుకున్నాను. మూడు తెల్లావుల్లోనూ విదేశీ నెత్తురు ఉంది. కంటికి కనపడనంత, కానీ ఉంది. రెండు మూడు తరాల కింద ఈ వైపు వేసిన సూదుల నుంచి వచ్చినదే. అంటే మామ చేతుల మీదుగా వచ్చిందే. కింద చివరి వరసలో మచ్చల కోడె. అందులో బయటి నెత్తురు జాడే లేదు. దేవని జాతికి దగ్గర. ఈ ప్రాంతంలో తను చూసిన వాటన్నిటిలో ఇదొక్కటే స్వచ్ఛమైనదని, దీన్ని జాగ్రత్తగా కాపాడమని ఆ అమ్మాయి చేత్తో రాసి కింద గీత గీసింది.

నేను అబద్ధం చెప్పొచ్చు. రిపోర్టు సరిగా రాలేదట అంటే సరిపోయేది, ఆయనకు తెలిసే మార్గం లేదు. ఆ నిమిషంలో నాకు కనిపించింది డెబ్భై ఏళ్ళ ముసలాయన కాదు, మా వాకిట్లో గుడ్డసంచితో నిలబడ్డ మనిషి. ఒక్కొక్క వాక్యం చదివి, తెలుగులో చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు. గీత గీసిన మాట రెండుసార్లు చెప్పాను.

మామ కళ్ళద్దాలు తీసి కొట్టం వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "దీని తల్లి ఉంటది గద బిడ్డా, అమ్మినాయన కాడ? తల్లి దొరికితే..." అన్నాడు.

"మీ చేతుల్తోని పోగొట్టింది మీరే పోయి ఎతుక్కోండ్రి" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. కోపంలో అన్నాను, నిజమే. కానీ అనేటప్పుడు నాకు హాయిగా కూడా ఉంది, అది కూడా నిజమే. ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకున్నది ఒక్కసారి బయటపడ్డట్టయింది. ఆయన తల ఊపాడు. "గంతే బిడ్డా, నేనే పోవాలె" అన్నాడు.

మర్నాడు పొద్దున ఏడు గంటల బస్సుకు పోయాడు. ఎక్కడికని నేనడగలేదు, నాకు తెలుసు. మధ్యాహ్నం పాలకేంద్రం అతను వచ్చాడు.

పదకొండో రోజు బంధువులందరూ వచ్చారు. మా బాపు కూడా వచ్చి, ఒక మూల కూర్చున్నాడు. అన్నాలవుతుండగా కోడెను అమ్మిన పక్క ఊరి రైతు వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రోజు సారు మా ఇంటికే అచ్చిండు. కోడె తల్లి ఏదని అడిగిండు. జహీరాబాద్ అంగట్ల కొన్న ఆవమ్మా గది, సూదీ లేదు గీదీ లేదు. ధర అస్తదని సూదికి పుట్టిందన్న. నాకేం ఎర్క?"

"ఆవు ఏది?" అన్నాను.

"పాలు ఎండిపోయినయని ఉగాది ముందల అంగట్ల తోలిన. కోతకు పోయే లారీ ఎక్కింది. సారుకు గదే చెప్పిన. ఏ దిక్కు లారీ అని అడిగిండు. అయేం మిగులుతయ్ సారూ అన్న."

ఆయన తువ్వాలతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ అన్నాడు.

"ఎండ మస్తుండె. బస్సు మూడింటి దాక లేదు. అన్నం తిని, ఎండ దిగినంక పో సారూ అని చెయ్యి పట్టుకున్న. ఇనలే. 'ఇంట్ల కోడలు ఒక్కతే ఉన్నది. ఒంటి గంటకు ఆవుల మీద నీళ్ళు కొట్టకపోతే పిల్ల పరేషానైతది' అన్నడు. లేచి నడ్సుకుంట పోయిండు."

నేను లేచి పెరట్లోకి వచ్చేశాను. అక్కడ ఎవరూ లేరు. గట్టిగా ఏడ్చాను. మామను ఎండలోకి పంపింది నేను, ఆయన ఎండలో తిరిగొచ్చింది నా కోసం. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ఇక నేను బతకాలి.

ఏడుపు ఆగాక తలెత్తి చూశాను. రేకుల కొట్టంలో ఆవులన్నీ ఫ్యాను కింద ఒకదాని మీద ఒకటి ఒరిగి, నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. మచ్చల ఎద్దు పెరటి మధ్యలో, ఎవరూ కట్టేయకుండానే, ఎండలో నిలబడి ఉంది. నోరు మూసుకుని నిదానంగా నెమరు వేస్తోంది. దాని మూపురం ఇప్పుడు బాగా లేచింది. ఎండ సరిగ్గా నడినెత్తిన ఉంది, నీడంతా దాని పొట్ట కిందే పడింది. ఒక దూడ నిలబడేంత నీడ. అది ఖాళీగా ఉంది.